అరబిక్ రాయగలను, నోరే పెగలడం లేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గాజువాక. నూర్‌బాషా కుటుంబం, ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. హైదరాబాద్‌లో యూనివర్సిటీలో అరబిక్ బీఏ రెండో ఏడాది చదువుతున్నాను. గ్రామర్‌లో, అనువాదంలో మంచి మార్కులే వస్తాయి. మాట్లాడమంటే మాత్రం చేతులు చల్లబడిపోయి, తెలిసిన మాటలు కూడా గుర్తుకు రావు. క్లాసులో లేచి రెండు వాక్యాలు చెప్పేలోపు సర్ విభక్తులు సరిచేస్తారు. ఇక మూడో వాక్యం రాదు. చిన్నప్పటి నుంచి ఉర్దూ వచ్చినవాళ్లు గబగబా చెప్పేస్తుంటే ఇంకా ముడుచుకుపోతాను. సెలవులకి ఇంటికొస్తే మరో అవమానం. మా మామయ్య సౌదీలోని దమ్మాంలో చాలా ఏళ్లు ట్రైలర్ డ్రైవర్‌గా చేసి వచ్చాడు. అరబ్బీలో ఒక్క అక్షరం చదవలేడు కానీ గడగడా మాట్లాడతాడు. మొన్న తన పాత కఫీల్‌తో (అక్కడి యజమానితో) వీడియో కాల్ మాట్లాడుతూ ఫోన్ నా చేతికిచ్చాడు. సలాం చెప్పాక ఆయన అడిగింది ఒక్క ముక్క అర్థం కాక ఫోన్ వెనక్కిచ్చేశాను. ‘ఇంత చదువూ చదివి ఏటి లాభమే’ అని అందరూ నవ్వారు. చిన్నప్పటి నుంచి ఖురాన్ చదువుతున్నావు కదా, మాట్లాడడానికేం అని అమ్మ అంటుంది. వచ్చే సెమిస్టర్‌లో వైవా ఉంది. మాట్లాడక్కర్లేని కోర్సుకి మారిపోదామని ఉంది. ఏం చేయమంటారు?
గాజువాక నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ముందు ఆ వీడియో కాల్ సంగతి తేల్చేద్దామమ్మా. ఉత్తరంలో నిన్ను అన్నిటికంటే గట్టిగా గుచ్చింది అదే అనిపించింది.

దమ్మాం వైపు మనిషి ఒక ఆడపిల్లని ఎలా ఉన్నావని పలకరిస్తే ‘ష్లోనిచ్’ అంటాడు. నీ పాఠ్యపుస్తకంలో అది ‘కైఫ హాలుకి’. ‘ఇప్పుడు’ అనడానికి ఆయన ‘అల్‌హీన్’ అంటాడు, నువ్వు చదివింది ‘అల్‌ఆన్’. ‘నాకు కావాలి’ అనేది ఆయనకి ‘అబ్‌ఘీ’, నీకు ‘ఉరీదు’. ఫోన్‌లో కబుర్లాడుకునే పెద్దాయన నీ పాఠం భాషలో నిన్ను అడిగి ఉండడు. నీకు అర్థం కాలేదంటే నీకు అరబిక్ రాదని కాదు. ఆ మాండలికం నీకెవరూ నేర్పలేదు, అంతే.

ఒకే సమాజంలో రాతకీ సభలకీ ఒక రూపం, ఇంటికీ వీధికీ ఇంకో రూపం నడిచే పరిస్థితి మీద చార్లెస్ ఫెర్గూసన్ అనే భాషావేత్త 1959లో రాసిన వ్యాసం నీ సిలబస్‌లో ఎక్కడో తగులుతుంది. అందులో ఆయన చూపించిన నాలుగు ఉదాహరణల్లో అరబిక్ ఒకటి. మనకి ఇదేమీ వింత కాదు. గ్రాంథికమా, వ్యావహారికమా అని మన ముత్తాతల కాలంలో పెద్ద యుద్ధమే జరిగింది. దానికి ముందు నిలబడిన గిడుగు రామమూర్తి పంతులు గారు మన ఉత్తరాంధ్ర మనిషే. మనం ఆ గొడవ తేల్చుకున్నాం. అరబ్బులు రెండింటినీ ఉంచుకున్నారు. వాళ్ల పిల్లలు ఇంట్లో ఆమ్మియ్య, అంటే వాడుక అరబ్బీ నేర్చుకుంటారు, బడికి వెళ్లాక ఫుస్‌హా, అంటే రాత అరబ్బీ నేర్చుకుంటారు. అంటే నువ్వు క్లాసులో మాట్లాడలేక భయపడుతున్న ఆ భాష అమ్మ ఒడిలో నేర్చుకున్నవాళ్లు దాదాపు ఎవరూ లేరు. వార్తల్లో, ఉపన్యాసాల్లో వినడానికి వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు గానీ, అప్పటికప్పుడు ఫుస్‌హాలో ఐదు నిమిషాలు మాట్లాడమంటే బాగా చదువుకున్న అరబ్బులు కూడా చాలామంది తడబడతారు.

ఇక మీ మామయ్య. ఆయన్ని తక్కువ చేయకు. ఆయనతో పోటీ మాత్రం పడకు. గల్ఫ్‌లో డ్రైవర్లు, ఫిట్టర్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు మాట్లాడేది ఒక రకం పని అరబ్బీ. అందులో క్రియకి నువ్వు, నేను, వాడు అనే తేడా ఉండదు. ‘అనా రూహ్’, ‘ఇంతా రూహ్’ అంటూ ఒకే రూపంతో అందరినీ పంపించేస్తారు. ఉంది అంటే ‘ఫీ’, లేదు అంటే ‘మాఫీ’. ఆ రెండు మాటల మీద బండి లాగించేస్తారు. అదే అరబ్బీలో నువ్వు వైవా చెబితే సున్నా వేస్తారు. నీ అరబ్బీతో ఆయన చెక్‌పోస్ట్ దగ్గర పోలీసుకి టైరు పంక్చర్ సంగతి చెప్పాలనుకుంటే ఆ పోలీసు నవ్వుకుంటాడు. ఎవరి పని వాళ్లది. అయితే ఆయన దగ్గర నువ్వు తెచ్చుకోవాల్సింది ఒకటుంది. ఆయనకి కఫీల్ ఎప్పుడూ మార్కులు వేయలేదు. బండి ఎక్కడుంది, ఎప్పుడొస్తుంది అన్నది తెలిస్తే చాలు. అందుకే ఆయన నోరు బిగుసుకోలేదు. నువ్వు మాత్రం అరబిక్‌లో ఇప్పటిదాకా మాట్లాడిన ప్రతి వాక్యాన్నీ ఎవరో ఒకరు దిద్దుతూనే ఉన్నారు. దిద్దడం తప్ప ఇంకే పనీ జరగని చోట నీకు మాట్లాడే అలవాటు ఎలా వస్తుంది?

నా మాటంతా దీని చుట్టూనే. నువ్వు భయం పోయాక మాట్లాడదామని చూస్తున్నావు. అది వరసగా జరిగే పని కాదు. మార్కులు వేయని మనిషి ముందు, చిన్న చిన్న మాటలు, చాలాసార్లు. భయం దానంతటది కొంత తగ్గుతుంది, కొంత ఉండిపోతుంది. ఉండిపోయిన దానితోనే వైవా చెప్పొచ్చు.

ఈ భయం నీ ఒక్కదానిదే కాదు. 1986లో ఎలెయిన్ హార్విట్జ్, మరో ఇద్దరు కలిసి దీని కొలత కోసమే 33 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. ఇప్పటికీ ప్రపంచమంతా భాషా విభాగాల్లో దాన్నే వాడుతున్నారు. వాళ్లు చెప్పిన దాంట్లో నీకు పనికొచ్చేది ఇది: ఇది మామూలు పిరికితనం కాదు, పరభాషా తరగతికే ప్రత్యేకమైన టెన్షన్. తెలుగులో కాలేజీ స్టేజి ఎక్కి దంచేసే పిల్ల కూడా పరభాష క్లాసులో బిక్కచచ్చిపోవచ్చు. బుర్రలో ఉన్న పెద్ద మాటని నోట్లో ఉన్న నాలుగు చిన్న ముక్కలతో చెప్పాల్సి రావడమే దానికి కారణం. అంత తెలివిగల మనిషి నలుగురి ముందూ పసిపిల్లలా వినపడుతుంది. అది ఎవరికైనా కష్టమే.

అరబిక్‌లో ఇది ఇంకాస్త ఎక్కువ. కారణం నీ నహ్వ్ (వ్యాకరణం) పుస్తకంలోనే ఉంది. ‘బజారులో మూడు పుస్తకాలు కొన్నాను’ అనే చిన్న వాక్యం తీసుకో. పూర్తి విభక్తులతో అంటే ‘ఇష్తరైతు థలాథత కుతుబిన్ మినస్సూకి’. ఇది నోట్లోంచి వచ్చేలోపు నువ్వు చేయాల్సిన లెక్కలు చూడు. క్రియ చివర ‘తు’ పెట్టాలి, ‘త’ అంటే నువ్వు కొన్నావని అయిపోతుంది. పుస్తకం పుంలింగం కాబట్టి మూడు అనే అంకె తిరగబడి స్త్రీలింగపు రూపం వేసుకోవాలి. ఆ అంకె కర్మ కాబట్టి చివర ‘అ’. దాని తర్వాత వచ్చే బహువచనానికి ‘ఇన్’. ‘మిన్’ తర్వాత మళ్లీ ‘ఇ’. రాసేటప్పుడు ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూసుకోవచ్చు. మాట్లాడేటప్పుడు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. పైగా ఎదురుగా సర్ ముఖం. మూడో వాక్యం రాకపోవడంలో వింతేముంది?

దీనికి అరబ్బుల దగ్గరే ఒక పాత చిట్కా ఉంది. ‘సక్కిన్ తస్‌లమ్’ అంటారు, చివర సుకూన్ (అచ్చు లేదనే గుర్తు) పెట్టు, క్షేమంగా బయటపడతావు అని. నిజంగానే ఫుస్‌హాలో ఆగిన చోట చివరి అచ్చు పలకరు, అది నియమమే. ‘ఇష్తరైతు థలాథత్ కుతుబ్, మినస్సూక్’ అను. పండితుడికి పూర్తిగా నచ్చకపోవచ్చు గానీ, చదువుకున్న అరబ్బులు చాలామంది మాట్లాడేటప్పుడు చేసేది దాదాపు ఇదే. ఏది వదలొచ్చో, ఏది వదలకూడదో తెలుసుకో. నామవాచకం చివరి విభక్తి వదిలినా మామూలుగా అర్థం చెడదు. క్రియలో నేను, నువ్వు, ఆమె తేడాలు, లింగం మాత్రం వదలకు. అవి పోతే మాటే మారిపోతుంది. నువ్వు ఇప్పుడు అన్నిటికీ సమానంగా భయపడుతున్నావు. భయాన్ని కూడా కాస్త ఎంచి ఖర్చుపెట్టాలి.

తప్పు దొర్లుతుందన్న ఈ బెంగ నిన్న మొన్నటిది కూడా కాదు. 685 నుంచి 705 దాకా పాలించిన ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్‌ని, ఇంత తొందరగా జుట్టు నెరిసిందేమని ఎవరో అడిగితే, మింబర్ (మసీదులో ప్రసంగ వేదిక) ఎక్కడం, లహ్న్ దొర్లుతుందేమోనన్న భయం, ఈ రెండే నెరిపించాయన్నాడని అరబిక్ సాహిత్యంలో ఒక కథ చెప్పుకుంటారు. లహ్న్ అంటే నువ్వు క్లాసులో చేసే ఆ విభక్తి తప్పే. పుట్టు అరబ్బు, పైగా ఖలీఫా. మన గిడుగు వారు కూడా గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే తప్పులు ఏరి చూపించారు. పట్టుబట్టేవాళ్లకీ పట్టు తప్పుతుంది.

మీ అమ్మగారి మాటకి కూడా జవాబు చెప్పాలి. ఖురాన్ పారాయణ వేరు, మాట్లాడడం వేరు. అక్కడ వాక్యం ముందే ఉంది, నువ్వు పలుకుతావు. ఇక్కడ వాక్యం నువ్వు తయారుచేయాలి. అయినా ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. ఐన్, గైన్, ఖాఫ్, సాద్, దాద్ లాంటి అక్షరాలు కొత్తగా నేర్చుకునేవాళ్ల గొంతుకి చుక్కలు చూపిస్తాయి. తజ్వీద్‌తో, అంటే ఖురాన్ ఉచ్చారణ నియమాలతో నేర్చుకున్నదానివి కాబట్టి నీకవి చిన్నప్పుడే పట్టుబడ్డాయి. తెలుగు కూడా నీకు మేలే చేసింది. ‘హమామ్’ అంటే పావురాలు, ‘హమ్మామ్’ అంటే స్నానాల గది. ఇంగ్లీషువాళ్లు ఈ తేడా కోసం నెలలు కుస్తీ పడతారు. అమ్మ, అక్క అంటూ ఒత్తులతో, కల, కాల అంటూ దీర్ఘాలతో పెరిగిన నీకు అది లెక్కలోది కాదు. అంటే పెద్దల ముందు గట్టిగా, స్పష్టంగా అరబిక్ పలికిన గొంతు నీకు ఉంది. బిగుసుకుపోతున్నది గొంతు కాదు, వాక్యం కట్టే పని.

అందుకని చదవడం నుంచి మాట్లాడడానికి మధ్యలో ఒక మెట్టు వేసుకో. రోజూ ఏదైనా అరబిక్ వార్తలోంచి నాలుగైదు వరుసలు గట్టిగా చదువు. పుస్తకమో ఫోనో మూసెయ్. ఇప్పుడు అందులో ఏముందో మూడు వాక్యాల్లో చెప్పు. మాటలు ఆ పేరాలోవే కాబట్టి ఖాళీగా నిలబడవు, కట్టేది మాత్రం నువ్వే. మొదట్లో గోడకి చెప్పినా ఫర్వాలేదు. ఆ తర్వాత వాట్సాప్‌లో ఒక్క మనిషికి వాయిస్ మెసేజ్‌గా పంపు. గ్రూప్‌లో వద్దు. ఎవరికి అంటావా? ఉర్దూ వచ్చిన క్లాస్‌మేట్లు గబగబా చెబుతారన్నావు కదా, వాళ్లలో ఒకరిని పట్టుకో. మాటలు వాళ్లకి ఉర్దూ వల్ల ముందే తెలుసు, నహ్వ్ నీకు వాళ్లకంటే బాగా వచ్చి ఉంటుంది. నీ అవసరం వాళ్లకీ ఉంది. పంపే ముందు రికార్డింగ్ వినకు. విన్నావంటే చెరిపేస్తావు, చెరిపి మళ్లీ చేస్తావు, పదకొండింటికి విసుగొచ్చి పడుకుంటావు.

భాషలు నేర్పేవాళ్లు 4/3/2 అని ఒక పద్ధతి వాడతారు. ఒకే విషయాన్ని ఒకరికి నాలుగు నిమిషాలు చెప్పాలి, ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మరొకరికి రెండు నిమిషాల్లో. విషయం అదే కాబట్టి మూడోసారి వచ్చేసరికి మాట కోసం వెతుకులాట తగ్గి, నోరు పరిగెడుతుంది. నీ వైవాకి ఇది సరిగ్గా సరిపోతుంది. ఎందుకంటే మాట్లాడే పరీక్ష చాలాసార్లు ‘నీ గురించి చెప్పు, మీ ఊరి గురించి చెప్పు’ అనే మొదలవుతుంది. విశాఖ గురించి తయారుచేసుకో. నీకంటే బాగా అక్కడ ఇంకెవరూ చెప్పలేరు. సముద్రం బహ్ర్, రేవు మీనా, కొండ జబల్, చేపలు సమక్, లైట్‌హౌస్ మనారా. బీచ్ రోడ్డులో ఒడ్డుకెక్కి కూర్చున్న కురుసుర సబ్‌మెరీన్‌ని గవ్వాసా అను. అది 2002 నుంచి మ్యూజియంగా ఉందని చెప్పొచ్చు. 1969లో నేవీలో చేరిందన్నది మాత్రం నోటికి బాగా వచ్చేదాకా వదిలెయ్, అరబిక్‌లో ఏడాదుల అంకెలు నిలువునా ముంచుతాయి. ‘అల్‌ఫైన్ వ ఇథ్నైన్’ అంటే 2002 అయిపోతుంది, దానితో సరిపెట్టుకో. ఊరి పేరు దగ్గర కాస్త నవ్వొస్తుంది చూడు. అరబిక్‌లో ‘వ’ని పళ్లూ పెదవీ కలిపి పలికే ఇంగ్లీషు ‘వీ’ లేదు, ‘ప’ లేదు, ‘ట’ లేదు. మన ఊరి పేరుని వాళ్లు ‘ఫీసాఖాబాత్నామ్’ అని రాసుకుంటారు. ఆ పేరు అలా పలికిన అరబ్బు కుర్రాణ్ని కూడా మన ఆటోవాడు సరిగ్గా ఆంధ్రా యూనివర్సిటీ గేటు దగ్గరే దింపుతాడు. ఆ కుర్రాడికి సిగ్గు లేదు, ఆటోవాడికి అభ్యంతరం లేదు.

యూనివర్సిటీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లో విదేశీ విద్యార్థులు బాగానే ఉంటారు, అరబిక్ మాట్లాడే దేశాల నుంచి వచ్చినవాళ్లు కూడా. సెలవుల్లో ఇంట్లో ఒప్పుకుంటే, తెలిసినవాళ్ల ద్వారా ఒక అమ్మాయి పరిచయం దొరికితే వారానికోసారి కూర్చో. అరగంట ఆమె తెలుగుకి, అరగంట నీ అరబిక్‌కి. షాపులో బేరం ఆడడానికి ఆమెకి మన భాష కావాలి. నాలుగు మాటలు ఫుస్‌హాలో మాట్లాడమని ముందే అడుగు, లేకపోతే కఫీల్ ఫోన్ కథే మళ్లీ. అడిగితే ఆమె కూడా మొదట సిగ్గుపడి నవ్వుతుందేమో. కుదరకపోతే దీని కోసం దిగులు పడకు, వాయిస్ మెసేజ్‌లు చాలు.

మాట ఆగిపోయినప్పుడు ఏం చేయాలన్నది ఎవరూ నేర్పరు. నువ్వు ఆగిన ప్రతిసారీ నోరు మూసేస్తున్నావు. ఆ నిశ్శబ్దంలోనే టెన్షన్ పెరుగుతుంది, సర్ అందుకునేది కూడా ఆ నిశ్శబ్దంలోనే. మనం తెలుగులో ‘అంటే’, ‘అదే’, ‘ఏంటంటే’ అంటూ ఎంత సేపు నెట్టుకొస్తామో గమనించు. అరబిక్‌లో ‘యఅ్‌నీ’ అను. టీవీ చర్చల్లో అరబ్బులు దాన్ని ఎన్నిసార్లు అంటారో వింటే నీకు ధైర్యం వస్తుంది. ‘లహ్‌జా’ అంటే ఒక్క క్షణం. ‘కైఫ నఖూల్’ అంటే, దీన్ని ఎలా అంటాం. మాట దొరకకపోతే ‘షై యుష్బిహు’ అని, ఫలానాలాంటి వస్తువు అంటూ చుట్టు తిరిగి చెప్పు. ఈ నాలుగూ విభక్తుల కంటే ముందు కంఠతా పట్టాలని నా అభిప్రాయం. వీటితో తప్పులు తగ్గవు, నువ్వు మాట్లాడుతూనే ఉంటావు.

మీ సర్ దగ్గరికి క్లాసు బయట ఒకసారి వెళ్లు. ఫిర్యాదులా కాదు. ‘సర్, నేను పూర్తిగా చెప్పేదాకా ఆగి, తర్వాత తప్పులు చెప్పండి, రాసుకుంటాను’ అని అడుగు. చాలామంది మాస్టార్లు ఒప్పుకుంటారు. మధ్యలో దిద్దితే మంచిదనే నమ్మకంతో చేస్తున్నారే తప్ప, నీ మీద కక్షతో కాదు. అదే ఊపులో ఇంకొకటి అడుగు: వైవాలో విభక్తులకి మార్కులు ఎన్ని, ధారగా మాట్లాడితే ఎన్ని? ఆ సంగతి తెలియకుండా తయారవడం అంటే ఏ పాఠం మీద పరీక్షో తెలియకుండా చదవడమే. విభక్తులకి ఎక్కువ మార్కులుంటే, విశాఖ మీద తయారుచేసుకున్న ఆ రెండు నిమిషాల వరకూ పూర్తి విభక్తులతో కంఠతా పట్టు. మిగతాదంతా సుకూన్‌తో లాగించు. ఇంకో చిన్న పని, క్లాసులో మొదటో రెండో పేరు నీదే ఇచ్చుకో. చివరిదాకా కూర్చుని పదిమందిని వింటే పదిసార్లు భయపడతావు, మాట్లాడేది మాత్రం ఒక్కసారే.

డిసెంబరు 18న ప్రపంచ అరబిక్ భాషా దినోత్సవం. 1973లో అదే రోజున అరబిక్ ఐక్యరాజ్యసమితి అధికార భాషల్లో చేరింది. మీ విభాగంలో ఆ రోజు ఏదైనా సభ పెడితే ఒక్క నిమిషం స్వాగత వాక్యాలు చెబుతానని పేరు ఇవ్వు. చూసి చదివినా సరే. నీకు పారాయణ అలవాటుంది, అది చాలా బాగా చదువుతావు. ఆ తర్వాత నిన్ను చూసే చూపు మారుతుంది, ముందు వెక్కిరించినవాళ్లది కూడా.

ఒక జాగ్రత్త. చేతులు చల్లబడడం, గుండె దడ మామూలే. అలా కాకుండా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, క్లాసు ఉందంటే వాంతి వచ్చినట్టున్నా, పరీక్షే ఎగ్గొట్టేయాలనిపిస్తున్నా, అది నా ఉత్తరంతో తీరేది కాదు. యూనివర్సిటీ కౌన్సిలర్‌ని కలువు. లేదా ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కి 14416 నంబరులో ఫోన్ చెయ్. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక కోర్సు మార్చే సంగతి. అనువాదం చిన్న పని కాదు. హైదరాబాద్‌లోనే దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ 1888 నుంచి పాత అరబిక్ రాతప్రతులు పరిష్కరించి అచ్చువేస్తోంది. నోరు తెరవకుండా జీవితాంతం అరబిక్‌తో గడిపే మార్గాలు ఉన్నాయి. నీకు అటువైపు ఇష్టం ఉంటే నిక్షేపంగా వెళ్లు. కానీ వైవా భయంతో ఈ సెమిస్టర్‌లోనే దరఖాస్తు పెట్టకు. వైవా అవనీ, మార్కులు రానీ. అప్పటికీ అనువాదమే నచ్చుతుంటే మారు. మారే ముందు ఆ కోర్సు సిలబస్ మాత్రం చివరి పేజీ దాకా చూసుకో, అందులోనూ ఎదుటివాళ్ల మాటని అక్కడికక్కడే అనువదించి చెప్పే పేపర్ ఉండొచ్చు.